రోగి చెంత కలిసి నేర్చుకొనుట

వైద్యులు, నర్సులు, మందులిచ్చువారు వేర్వేరు కళాశాలలలో చదివెదరు. ఉద్యోగములలో చేరిన పిమ్మట వారందరును చూడవలసిన రోగి మాత్రము ఒక్కడే. ఒకరు చెప్పినది మరొకరికి తెలియకున్నచో ఆ లోటు ఆసుపత్రి చీటీలో కనబడదు; రోగి యింటిలో కనబడును.

ఒక ఉదాహరణము చూతము. చెన్నూరు ప్రాంతమున పత్తి చేలకు కూలికి పోవు నొక స్త్రీకి షుగరు వ్యాధి కలదనుకొందము. రోజుకు రెండు పూటలు ఇన్సులిన్ తీసికొనవలెనని వైద్యుడు వ్రాసెను. సూది వేసికొను విధమును నర్సు నేర్పెను. సీసాను చల్లని చోట నుంచవలెనని మందులిచ్చునాయన చెప్పెను. ముగ్గురును తమ పనిని సరిగానే చేసిరి. కాని ఆమె సద్ది కట్టుకొని తెల్లవారక ముందే చేనికి పోవుననియు, బాగుగా ప్రొద్దెక్కిన పిమ్మట గాని తినదనియు వారిలో నెవరును తెలిసికొనలేదు. సూది వేసికొని తినకుండ పనిచేసినచో రక్తములో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, వణకు పుట్టి, స్పృహ తప్పవచ్చును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఆమె యింట ఫ్రిజ్ లేదని ఆశా కార్యకర్తకు తెలియును. ఆమె నడిగినవారు లేరు.

ఇట్టి లోటును తీర్చుటకే భిన్న వృత్తుల విద్యార్థులకు కలిపి బోధించు పద్ధతి ఏర్పడినది. స్వీడన్ దేశమందలి లింకోపింగ్ విశ్వవిద్యాలయము దీనిని 1986లో ఆరంభించి, 1996 నాటికి విద్యార్థులే పెద్దల పర్యవేక్షణలో కలిసి నడుపు ఆసుపత్రి వార్డును నెలకొల్పినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఈ పద్ధతిని అన్ని దేశములకును సిఫారసు చేసినది.

పాఠము నడుచు తీరు సులభమైనదే. వైద్య, నర్సింగు, ఫార్మసీ విద్యార్థులు ఒకే రోగి వద్ద కూర్చుందురు. మొదట రోగి మాటలాడును. ఎవరును అడ్డు రారాదు. పిమ్మట ప్రతి విద్యార్థియు తన సలహాను విడిగా వ్రాసి, అందరి యెదుట చదువును. మన ఉదాహరణమందలి చిక్కు అప్పుడు బయటపడును. సూదికిని తిండికిని వేళలు కుదుర్చుట వైద్యుని పని. ఫ్రిజ్ లేనిచో సీసాను నీరు తగులకుండ తడి మట్టికుండలో నుంచు విధము చూపుట నర్సు పని. కుదిరిన సలహాను రోగి తన మాటలలో తిరిగి చెప్పవలెను. చెప్పలేకపోయినచో తప్పు రోగిది కాదు, నేర్పినవారిది.

మంచిర్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ప్రారంభమైనది. వైద్య విద్యార్థులు గ్రామ కుటుంబములను దత్తత తీసికొని, చదువుకాలమున వారి ఆరోగ్యమును కనిపెట్టవలెనను నియమము కూడ దేశమంతట ఆ యేడే వచ్చినది. మీ గ్రామమునకు విద్యార్థులు వచ్చినచో వారికి స్వాగతము పలికి ఊరకుండక, నర్సింగు విద్యార్థులను కూడ పంపవలసినదిగా కళాశాలకు వ్రాయుడని మేము పంచాయతీ సభ్యులను కోరుచున్నాము. ఏ.ఎన్.ఎం.ను, ఆశాను, అంగన్‌వాడీ టీచరును ఆ దినమున వెంట నుంచుడు. సభలలో ఆశా కార్యకర్తను చివరి వరుసలో కూర్చుండబెట్టుట మనకు అలవాటు. ఇచట ఆమె ముందు వరుసలో నుండవలెను. రోగి ఒప్పుకొననిదే ఎవరి యింటికిని విద్యార్థులను తీసికొనిపోరాదు. కూలివారు ఇంట నుండు వేళ సాయంత్రమే గనుక, రాకపోకల సమయమును ముందుగానే ఆ విధముగ నిర్ణయింపుడు.