ఎనిమిది వరసలు

వాషర్‌మెన్‌పేట్ ఎం.సి. రోడ్డులో బట్టల కొట్ల కేకలు సద్దుమణిగాక మా మేనల్లుడు డాబా మీద చాపేసుకుని డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ తెరుస్తాడు. అన్నా యూనివర్సిటీ పేపరు. మూడు గంటలు, 100 మార్కులు: రెండు మార్కులవి పది, పదమూడు మార్కులవి ఐదు, పదిహేనుది ఒకటి. చదివితే అన్నీ అర్థమవుతాయి వాడికి, రాయబోతే పెన్ను కదలదు. అందుకని పుస్తకం మూయించి తెల్ల కాగితాలిచ్చాను.

ముందు ట్రూత్ టేబుల్. మూడు ప్రతిపాదనలకి ఎనిమిది వరసలు. తోచినట్టు రాస్తే ఒకటి రెండుసార్లు పడుతుంది, ఇంకొకటి జారిపోతుంది. మొదటి నిలువు వరసలో నిజం, అబద్ధం ఒకటి విడిచి ఒకటి, రెండోదాంట్లో రెండేసి, మూడోదాంట్లో నాలుగేసి. "నిజం గురువు, అబద్ధం లఘువు అనుకుని పైనించి చదువు" అన్నాను. మ, య, ర, స, త, జ, భ, న! చిన్నప్పుడు తాతయ్య వల్లె వేయించిన గణాలే, అదే వరసలో.

తర్వాత గ్రాఫ్. ఇక్కడ తొందర పనికిరాదు. గణాల సూత్రం 'యమాతారాజభానసలగం' రాసి, మూడేసి అక్షరాల చొప్పున ఒక్కో అక్షరమే జరుగుతూ పోవాలి. యమాతా యగణం, మాతారా మగణం, తారాజ తగణం... సలగం దగ్గర సగణంతో ఎనిమిదీ ఒక్కోసారే వచ్చేస్తాయి. ఇక బొమ్మ. గురు గురు, గురు లఘు, లఘు గురు, లఘు లఘు అని నాలుగు శీర్షాలు. ప్రతి గణం ఒక బాణం: దాని మొదటి రెండక్షరాల శీర్షం నుంచి చివరి రెండింటి శీర్షానికి. మగణం, నగణం ఉన్నచోటే చుట్టుకుంటాయి. ఏ శీర్షం చూసినా లోపలికి రెండు, బయటికి రెండు. అన్నీ కలిసే ఉన్నాయి. అంటే ఆయిలర్ వలయం ఉన్నట్టే. 'యమా' దగ్గర బయల్దేరి 'లగం' దగ్గర ఆగుతాం, రెండూ లఘు గురువులే. వలయం మూసుకుంది. పరీక్షలో ఈ కారణం రాయకుండా బొమ్మ ఒక్కటే గీస్తే మార్కులు పోతాయి.

ఇండక్షన్‌కి ఒక్క లెక్క చాలు. 8, 3 ఒకే ఘాతానికి ఎక్కితే వాటి తేడా 5తో భాగించబడుతుందా? 5, 55, 485. ముందున్న తేడాని 8తో గుణించి, 3 పాత ఘాతానికి ఐదు రెట్లు కలిపితే తర్వాతది: 440, 45, మొత్తం 485. 'ఇంతవరకు నిజమనుకుందాం' అన్న వాక్యం వీడు రోజూ మింగేస్తాడు. అది రాయకపోతే మిగతాదంతా గాలిలో మేడ.

చివర ఉత్పలమాల ఇచ్చాను. భ ర న భ భ ర వ, ఇరవై అక్షరాలు. అలాంటి వరసలు మొత్తం 10,48,576. అందులో ఇది ఎన్నోది? గురువు సున్నా, లఘువు ఒకటి. మొదటి అక్షరం విలువ 1, అక్కణ్ణించి రెట్టింపు. పన్నెండు లఘువుల విలువలు కూడి 3,55,798 అన్నాడు.

"అన్నీ గురువులే ఉన్న వరసని సున్నాగా లెక్కెట్టావా, ఒకటిగానా?"

నాలిక్కరుచుకుని 3,55,799 అని దిద్దాడు.