ఏ ఊళ్లో చావులెక్కువ?



నీ ఉత్తరం అందింది. 2020 నమూనా నమోదు లెక్కల్లో మరణాల రేటు కేరళలో వెయ్యికి 7.0, బిహార్‌లో 5.4 అని చూసి, కేరళ వైద్యం గొప్పంతా ఒట్టిదేనా అని అడిగావు. అదే నివేదికలో ఇంకో గడి చూడాల్సింది. పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండా పోయే పసివాళ్లు కేరళలో 6, బిహార్‌లో 27. పసిప్రాణాల్ని అంత బాగా కాపాడుకునే చోట మొత్తం చావులెందుకు ఎక్కువ?

ముసలివాళ్లు ఎక్కువ కాబట్టి. అరవై దాటినవాళ్లు 2011 జనగణన నాటికే కేరళలో నూటికి 12.6, బిహార్‌లో 7.4. నాబోటివాళ్లు ఎక్కువున్న చోట ఆ అంకె పెరక్క ఏమవుతుంది!

కాగితం తీసి ఓ లెక్క వెయ్యి. రెండు ఊళ్లనుకో. మొదటి ఊళ్లో ఏటా వెయ్యిమంది వృద్ధుల్లో 40 మంది, మిగతావాళ్లలో వెయ్యికి ఇద్దరు పోతారు. రెండో ఊళ్లో 50, 3. ఏ వయసులో చూసినా మొదటి ఊరే మెరుగు. కానీ అక్కడ వృద్ధులు నూటికి 20, రెండో ఊళ్లో 8 మందే. మొత్తం రేటు కడితే మొదటి ఊరిది 9.6, రెండోదానిది 6.8 వస్తుంది. ఇప్పుడు రెండు చోట్లా వృద్ధులు నూటికి 10 అని పెట్టి మళ్లీ కట్టు: 5.8, 7.7. తారుమారైంది చూశావా? ఊళ్లను పోల్చడానికి ఈ రెండో లెక్కే కావాలి. అలాగని మొదటిదాన్ని పారెయ్యకు. ఏడాదికి శ్మశానానికి ఎన్ని కట్టెలు కావాలో చెప్పేది అదే.

పుట్టుకల్లోనూ ఇంతే. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో బడి ముఖం చూడని స్త్రీలకు సగటున 2.8 మంది పిల్లలు, పన్నెండేళ్లు, ఆపైన చదివినవాళ్లకు 1.8. రేపు ఈ రెండు అంకెలూ కదలకపోయినా, చదివినవాళ్ల వాటా పెరిగితే చాలు, దేశపు సగటు దిగుతుంది. అప్పుడు జనం మనసు మారిందని ఎవరైనా రాస్తే తొందరపడి నమ్మకు.

అదే 2020లో ఆంధ్రప్రదేశ్ మరణాల రేటు 6.3, తెలంగాణది 6.0. ఎవరు మెరుగో ఇప్పుడే తేల్చకు. రెండింటి వయసువారీ పట్టికలు సంపాదించి, లెక్క కట్టి నాకు పంపు.

— తాతయ్య