చవుటినేల – నానఁబెట్టిన విత్తనము

1977 నవంబరు 19న తుపానువేళ దివిసీమ పొలములపైఁ గడలి పొంగి వానిని ఉప్పుపాలు చేసెను. అట్టి నేలలో నీరున్నను విత్తనము దప్పిగొనును. ఉప్పు దానిని నీరు పీల్చుకొననీయదు, సోడియము లేమొలకను మాడ్చును.

ఇందుకు మనము చేయఁదగిన సులభోపాయ మొకటి గలదు. వడ్లను ఒక రాత్రి మంచినీట నానఁబెట్టి, మొలక పొడసూపకముందే తీసి, నీడ నారఁబెట్టి వెదఁజల్లవలయును. మండెగట్టుట వేఱు, ఇది వేఱు. మండెలో మొలక వెలువడును, ఇందు వెలువడరాదు. వేరు వచ్చిన పిదప ఎండనిచ్చినచో ఆ మొలక చచ్చును. కావున సమయపాలనమే ముఖ్యము.

నానిన గింజలోని ఎంజైములు మేల్కొని పిండిని చక్కెరగా మార్ప నారంభించును. అందుచే మొలక శీఘ్రముగను సమముగను వచ్చి ఉప్పునకుఁ గొంత తాళును. అయినను నేలలోని ఉప్పు పోదు. దానిని కడిగివేయుటకు మంచినీరును మురుగుకాల్వయు వలయును. మనము విత్తనమును సిద్ధపఱచుదము, నేలను మఱవకుందము.