అంగడి లేని పేటలు

ఆకలిగొన్నవానికి ఏమియు ఇయ్యక మంచి మాటలతో పంపివేయుట నిష్ప్రయోజనమని యాకోబు పత్రిక 2వ అధ్యాయము నేర్పుచున్నది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు అనేక బీద పేటలలోను, కొన్ని పల్లెలలోను కూరగాయలు, పండ్లు అమ్ము మంచి అంగళ్లు లేకుండెను. లాభము రాదని వర్తకులు వెనుదీయుచుండిరి. అందుచేత 2004లో రాష్ట్ర ప్రభుత్వము 3 కోట్ల డాలర్లు ప్రత్యేకించి, అట్టి చోట్ల అంగడి పెట్టువారికి అప్పులును గ్రాంటులును దొరకునట్లు చేసెను. 2010 నాటికి 88 అంగళ్లకు సహాయమందెను. ఇది మెచ్చదగినదే.

అయితే ఫిలడెల్ఫియా పట్టణములో తెరచిన యొక క్రొత్త అంగడిని గూర్చి 2014లో వెలువడిన పరిశీలన చూడుడి. మంచి ఆహారము దగ్గరనే దొరకుచున్నదని జనులు గుర్తించిరి గాని, వారు తిను కూరలు, పండ్లు మాత్రము పెరుగలేదు. ధర యడ్డమో, అలవాటు అడ్డమో, ఆ యిండ్లలో వంట చేయు తల్లులనే అడుగవలెను.