కార్జపు జలగ మందు: గుణము తేల్చుకొను విధము

మన సంఘ సభ్యులలో గొఱ్ఱెల మందలు గలవారు కార్జపు జలగకు మందు కొనుచుందురు. త్రాగించినంత మాత్రమున జలగ చచ్చినదని నమ్మరాదు. పారని మందుపై పెట్టిన సొమ్ము పోవుటయే గాక, రోగము లోలోపల ముదిరి గొఱ్ఱెయు పోవును. కావున మందు గుణమును పరీక్షించు తీరు నిచ్చట వివరింతుము.

ఈ జలగపిల్లలు చెఱువు గట్లయొద్ద నత్తలలో పెరిగి, గడ్డి నంటి, మేతతో గొఱ్ఱె కడుపున జొచ్చును. కొన్ని వారములు కార్జమును తొలిచి, పిమ్మట పైత్యనాళములను జేరి గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు పెంటికలలో కనబడుటకు సుమారు మూడు నాలుగు నెలలు పట్టును.

మందులన్నియు నొకటి కావు. పూర్వము వాడిన కార్బన్ టెట్రాక్లోరైడు గొఱ్ఱె కార్జమునకే కీడు చేయుటచే విడువబడినది. ఆక్సిక్లోజనైడు ముదిరిన జలగలనే బాగుగ చంపును. ట్రైక్లాబెండజోలు లేతవానిని సైతము చంపును. అయినను దీనికి లొంగని జలగలు ఆస్ట్రేలియా గొఱ్ఱెలలో నున్నట్లు 1995లో వెల్లడియైనది. పిమ్మట నితర దేశములందును కనబడినవి.

పరీక్ష యిట్లు చేయవలెను.

1. పది పదునైదు గొఱ్ఱెలకు గుర్తులు వేసి, వాని పెంటికలను వేరువేరుగా పశువైద్యశాలకు పంపి గ్రుడ్ల నెన్నింపవలెను.

2. ప్రతి గొఱ్ఱెను తూచి, వైద్యుడు చెప్పిన మోతాదు నీయవలెను. కంటి అంచనాతో తక్కువ పోసిన, మంచి మందును చెడ్డదిగ తోచును.

3. అదే మేతపై కొన్నింటికి మందీయక యుంచవలెను. వానిలోను గ్రుడ్లు తగ్గినచో ఆ తగ్గుదల మందు వలననే యనరాదు. పరీక్ష ముగియగనే వానికిని మందీయవలెను.

4. మూడు వారములకు అవే గొఱ్ఱెల పెంటికలను మరల పంపవలెను. అంతకు ముందు పంపినచో, జలగలు చచ్చినను పిత్తాశయమున నిలిచిన గ్రుడ్లు వెలువడి మోసపుచ్చును.

మొదట సగటున 200 గ్రుడ్లుండి తరువాత 10 మిగిలిన, తగ్గుదల నూటికి 95, మందు పారినది. 60 మిగిలిన, నూటికి 70 మాత్రమే. నూటికి 90కి లోబడినచో మోతాదును సరిచూచి, వైద్యునితో నాలోచించి వేఱు మందునకు మారవలెను.

ఒక్క హెచ్చరిక. లేత జలగలు గ్రుడ్లు పెట్టవు గనుక, గ్రుడ్లు లేకుండుట అవి చచ్చినవనుటకు సాక్ష్యము గాదు. రెండు మూడు నెలలకు మరల నెన్నించుట మేలు. మంద నానాళ్లు తడినేలల మేపరాదు.

ఒక్కనికి భారమైన యీ పని పదుగురు కలిసిన తేలిక. మందును మొత్తముగ కొనుటకు ముందే ఒక మందపై పరీక్షించి చూడుడని సభ్యులను కోరుచున్నాము.