విషవాయువు దారిని లెక్కగట్టే కొలువు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్‌ ట్యాంకు నుంచి స్టైరిన్‌ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. జనం నిద్రలోంచి లేచి తోచిన దిక్కుకు పరుగెత్తారు. కొందరు రోడ్డు మీదే కూలిపోయారు. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. అలాంటి ఘడియలో అధికారులకు మూడు ప్రశ్నలకు వెంటనే జవాబు కావాలి. వాయువు ఎటు పోతుంది? ఎంత దూరం దాకా ప్రమాదం? అక్కడికి ఎంతసేపట్లో చేరుతుంది? ఈ జవాబులను ప్రమాదం జరగకముందే లెక్కగట్టి ఉంచేవారే గ్యాస్‌ డిస్పర్షన్‌ మోడలర్లు. లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు మూడూ ఇష్టమైన విద్యార్థికి ఇంతకన్నా అర్థవంతమైన వృత్తులు అరుదు.

పని ఎలా ఉంటుంది?

మొదటి లెక్క ట్యాంకు దగ్గర మొదలవుతుంది. లోపల పీడనం, ఉష్ణోగ్రత ఎంత? రంధ్రం ఎంత పెద్దది? సరుకు వాయువుగా చిమ్ముతుందా, ద్రవంగా కారి మడుగు కట్టి ఆవిరవుతుందా? సెకనుకు ఎన్ని కిలోలు బయటికి వస్తాయో ఇక్కడ తేలాలి. ఇది తప్పితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

రెండోది వాతావరణం. బ్రిటన్‌ శాస్త్రవేత్త ఫ్రాంక్‌ పాస్క్విల్‌ 1961లో ప్రతిపాదించిన ఎ నుంచి ఎఫ్‌ వరకు ఉన్న స్థిరత్వ తరగతులు నేటికీ ఈ రంగంలో ఓనమాలు. ఎండ మండే మధ్యాహ్నం నేల వేడికి గాలి పైకీ కిందకీ కలిసిపోయి వాయువు త్వరగా పలచబడుతుంది. అది ఎ తరగతి. మబ్బు లేని రాత్రి, మందగాలి వేళ ఆ కలయిక ఉండదు, అది ఎఫ్‌. శీతకాలపు పొద్దున పల్లెలో పొయ్యి పొగ పైకి లేవకుండా ఇళ్ల కప్పుల మీదుగా పరుచుకోవడానికి కారణం ఇలాంటి స్థితే. భోపాల్‌లో మిథైల్‌ ఐసోసైనేట్‌ బస్తీలను కమ్మేసిందీ 1984 డిసెంబర్‌ 2, 3 తేదీల మధ్య రాత్రే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అత్యంత గడ్డు పరిస్థితి లెక్కలకు ఎఫ్‌ తరగతి, సెకనుకు 1.5 మీటర్ల గాలివేగం తీసుకోమంటుంది.

వాయువు బరువునూ చూడాలి. క్లోరిన్‌ గాలికన్నా సుమారు 2.5 రెట్లు, స్టైరిన్‌ ఆవిరి 3.6 రెట్లు బరువు. ఇవి పల్లం వైపు జారి నేలను పట్టుకుని పోతాయి. అమ్మోనియా గాలికన్నా తేలికే. అయినా పీడనంతో ద్రవంగా నిల్వ చేసింది ఒక్కసారిగా చిమ్మితే, చల్లదనంతో, సన్నని తుంపరలతో అదీ నేలబారునే పాకుతుంది. రొయ్యల ప్రాసెసింగ్‌ ప్లాంట్లలో, కోల్డ్‌ స్టోరేజీల్లో శీతలీకరణకు అమ్మోనియా వాడతారు కాబట్టి ఈ తేడా మనకు బాగా తెలిసి ఉండాలి.

మూడోది మనిషి శరీరం. గాలిలో క్లోరిన్‌ 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది వంతులు) చేరితే ప్రాణానికి తక్షణ ముప్పుగా లెక్క; స్టైరిన్‌కు ఆ హద్దు 700 పీపీఎం. ఇలాంటి హద్దులను బట్టే మ్యాపు మీద ఎరుపు, నారింజ, పసుపు జోన్లు గీస్తారు.

ఉద్యోగాలు ఎక్కడ?

రిఫైనరీలు, ఎరువుల కర్మాగారాలు, ఫార్మా, పోర్టులు, గ్యాస్‌ టెర్మినళ్లలో ప్రాసెస్‌ సేఫ్టీ ఇంజినీర్లుగా చేరవచ్చు. ఇంజినీరింగ్‌ డిజైన్‌, కన్సల్టెన్సీ సంస్థలు క్యూఆర్‌ఏ, అంటే ప్రమాద తీవ్రతనూ అవకాశాన్నీ అంకెల్లో తేల్చే పనికి వీరిని తీసుకుంటాయి. గల్ఫ్‌ చమురు, గ్యాస్‌ ప్రాజెక్టుల్లోనూ ఈ పని ఉంటుంది.

ఈ కొలువులకు చట్టం దన్ను ఉంది. ప్రమాదకర రసాయనాలపై 1989 నాటి నిబంధనల ప్రకారం నిర్ణీత పరిమాణం దాటి నిల్వ చేసే కర్మాగారాలకు ఆన్‌సైట్‌, చుట్టుపక్కల ఊళ్లకు ఆఫ్‌సైట్‌ అత్యవసర ప్రణాళికలు ఉండాలి. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు తయారుచేసే సంస్థలకు నాబెట్‌ అనే జాతీయ గుర్తింపు మండలి ఇచ్చే గుర్తింపులో గాలి నాణ్యత మోడలింగ్‌, రిస్క్‌ అంచనా విడివిడి నైపుణ్య విభాగాలు. పరిశోధన వైపు వెళ్లాలంటే నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్‌ పరిశోధన సంస్థ (నీరి), కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం వంటివి ఉన్నాయి.

ఏం చదవాలి?

ఇంటర్‌లో ఎంపీసీ పునాది. ఆపై కెమికల్‌ ఇంజినీరింగ్‌ రాచబాట: వరంగల్‌ నిట్‌, ఉస్మానియా టెక్నాలజీ కళాశాల, ఆంధ్ర విశ్వవిద్యాలయం, విశాఖలోని పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థ ఐఐపీఈ మనకు అందుబాటులో ఉన్నాయి. బీఎస్సీ ఫిజిక్స్‌ విద్యార్థులు వాతావరణ శాస్త్రంలో పీజీ ద్వారా రావచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ విభాగం ఉంది. ఎంటెక్‌కు గేట్‌లో కెమికల్‌తో పాటు ఎన్విరాన్‌మెంటల్‌ సైన్స్‌ అండ్‌ ఇంజినీరింగ్‌ పేపరూ ఉంది. థర్మోడైనమిక్స్‌, ఫ్లూయిడ్‌ మెకానిక్స్‌, స్టాటిస్టిక్స్‌ను మార్కుల కోసం కాక పని కోసం చదవండి. ప్రోగ్రామింగ్‌కు పైథాన్‌, మ్యాపులకు క్యూజీఐఎస్‌ నేర్చుకోండి.

ఇప్పుడే మొదలుపెట్టండి

అమెరికా ప్రభుత్వ సంస్థలు తయారుచేసిన, వాయువు వ్యాప్తిని లెక్కగట్టే అలోహా సాఫ్ట్‌వేర్‌ ఉచితం. కంపెనీల్లో డీఎన్‌వీ వారి ఫాస్ట్‌ వాడతారు. భవనాల నడుమ ప్రవాహాన్ని సూక్ష్మంగా చూడాలంటే ఉచితంగా దొరికే ఓపెన్‌ఫోమ్‌ ఉంది.

అలోహాలో ఈ అభ్యాసం చేయండి. నీటి శుద్ధి కేంద్రంలో వాడే, సుమారు 900 కిలోలు పట్టే క్లోరిన్‌ టన్నర్‌ (పెద్ద సిలిండర్‌) వాల్వు లీకైందనుకోండి. మే నెల మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, జనవరి రాత్రి రెండింటికి ఒకసారి లెక్కించండి. ప్రమాద దూరం ఎందుకు మారిందో రెండు పేజీల్లో రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల దొంతరకన్నా ఆ రెండు పేజీలే మీ గురించి ఎక్కువ చెబుతాయి. ఒక్క జాగ్రత్త: వాతావరణ నివేదికలో నైరుతి గాలి అంటే నైరుతి నుంచి వచ్చేది. వాయువు పోయేది ఈశాన్యానికి. ఇది తారుమారైతే జనాన్ని నేరుగా విషంలోకి తరలించినట్టే.

సాఫ్ట్‌వేర్‌ ఎంత చక్కని మ్యాపు గీసినా దాని హద్దులు తెలిసినవాడే నిపుణుడు. అలోహా కొండలను, భవనాలను లెక్కలోకి తీసుకోదు. గాలి దాదాపు స్తంభించినప్పుడు పనికిరాదు. కొండల నడుమ, పగలూ రాత్రీ దిశ మార్చే సముద్రపు గాలిలో ఉన్న విశాఖ లాంటి నగరానికి ఆ గీతను గుడ్డిగా నమ్మకూడదు. కర్మాగారం చుట్టూ నడిచి పల్లం ఎటుందో, బడి ఎక్కడుందో చూసి రావాలి. జోన్‌ చిన్నదిగా చూపించమని ఒత్తిడి వస్తే కాదనగలగాలి. మీరు గీసే గీతకు అవతల ఉన్నవారు సురక్షితులని ప్రభుత్వం నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని మోయగలమనుకునే విద్యార్థులు ఈ రంగంలోకి రండి. కర్మాగారాల పక్కన బతుకుతున్న మన ఊళ్లకు మీ అవసరం ఉంది.