విందు ముగిసిన తరువాత



యోహాను సువార్త 6వ అధ్యాయములో, జనులందరు తిని తృప్తి పొందిన తరువాత మిగిలిన రొట్టె తునకలను ఏరించుట చూచుచున్నాము. అవి పండ్రెండు గంపలు నిండెను. మన విందులు ముగిసిన తరువాత మిగులునవేవి? నీళ్ల సీసాలు, పలుచని సంచులు, గ్లాసులు. వీటిని మనము గుంటలోనికి ఊడ్చి నిప్పు పెట్టుచున్నాము. ఇది తగునా? ఈ నెల పాఠములో ఆలోచింతము.

1. కాల్చుటవలన కలుగు కీడు

ప్లాస్టిక్ ఆకువలె మట్టిలో కుళ్లదు. కాల్చినయెడల దాని పొగ మన పిల్లల రొమ్ములోనికి పోవును. పి.వి.సి. అను రకము కాలునప్పుడు డయాక్సిన్లను విషములు పుట్టును. పారవేసిన సంచులను మేసిన పశువుల కడుపులో అవి ఉండచుట్టుకొని ప్రాణము తీయును.

2. చట్టము చెప్పునది

2016 సంవత్సరపు ప్లాస్టిక్ వ్యర్థముల నిబంధనలు పట్టణములకే గాక గ్రామములకును వర్తించును. చెత్తను వేరుచేయించి సేకరించుట, బయట కాల్చకుండ చూచుట గ్రామ పంచాయతీ బాధ్యత. ఆరుబయట విందుచేసి ప్లాస్టిక్‌లో ఆహారము పెట్టువారే ఆ చెత్తను వేరుచేసి సర్దవలెను. 2022 ఫిబ్రవరిలో వెలువడిన నియమములు, సరుకును ప్లాస్టిక్‌లో చుట్టి అమ్ము కంపెనీలు ఆ ప్లాస్టిక్‌ను తిరిగి సేకరింపజేసి, మరల ఉపయోగములోనికి తెప్పింపవలెనని విధించినవి. ఆ యేటి జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషేధింపబడినవి.

3. మన వంతు

నీళ్ల సీసాలను కడిగి, ముక్కలుచేసి, కరిగించి దారము తీయుదురు. ఆ దారమే బట్టయగును. పారవేయవలసినది మరల సరుకగుచున్నది. అయితే కూర అంటిన సంచులతో కలిపి మూటగట్టిన సీసాలకు విలువ తగ్గును. పలు పొరలు అంటించిన చిప్సు పొట్లమును విడదీయుట మిక్కిలి కష్టము. కంపెనీపై చట్టము ఎంత భారము మోపినను, మన వాకిట వేరుచేయనిది అక్కడికి చేరదు.

కావున రాబోవు పండుగకు విస్తరాకులు, స్టీలు గ్లాసులు సిద్ధపరచుకొందము. నీళ్లు బిందెలతో పెట్టుదము. తప్పక వచ్చిన సీసాలకు ఒక గోనె, సంచులకు ఒక గోనె వేరుగా కట్టి, పంచాయతీ బండికైనను పాత సామాను కొనువానికైనను అప్పగింతము.

ఆలోచించుటకు: మన సంఘపు విందులో ఈ పనిని ఎవరు పూనుకొందురు? ఆ గుంటలో నిప్పు పెట్టుట ఏ దినమున మానుదుము?